జాలీ గళ్లలో తెలుగు అక్షరం: ఫిలే క్రోషేతో పేరున్న బుక్‌మార్క్

ఫిలే క్రోషేలో, అంటే గళ్ల జాలీలా అల్లే క్రోషేలో, వాడే కుట్లు రెండే: చైను (గొలుసు కుట్టు), ట్రెబుల్ (పొడవు కుట్టు). క్రోషే సూది పట్టిన కొద్దిరోజులకే ఆ రెండూ చేతికి అలవాటవుతాయి. అయినా మొదటిసారి పేరు అల్లినవాళ్ల బుక్‌మార్క్‌లో అంచు ఒక పక్కకి ఒరిగి ఉంటుంది, అక్షరం బక్కచిక్కి ఉంటుంది, ఒక్కోసారి అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. వీటిలో చాలా తప్పులు అల్లడం మొదలుపెట్టకముందే, గళ్ల కాగితం దగ్గరే జరిగిపోతాయి. తెలుగు అక్షరాలకైతే ఇంకో చిక్కు కూడా ఉంది. దొరికే నమూనాల్లో ఎక్కువ భాగం ఇంగ్లీషు అక్షరాలవి. అవి ఐదు గళ్ల వెడల్పు, ఏడు గళ్ల ఎత్తులో హాయిగా ఒదుగుతాయి. అదే కొలతలో తలకట్టున్న అక్షరం పెట్టబోతే తలకట్టుకు చోటు మిగలదు.

తెలుగువాళ్లకు లేసు పని కొత్త కాదు. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు తరతరాలుగా క్రోషే లేసు అల్లుతున్నారు. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఫిలే అదే సూదితో, అదే దారంతో చేసే పని. ఇందులో మాత్రం పువ్వులా చుట్టూ తిరగడం ఉండదు, అంతా నిలువు, అడ్డం గళ్లే. కొన్ని గళ్లు ఖాళీగా వదులుతాం, కొన్ని నింపుతాం. నింపిన గళ్లు కలిసి బొమ్మో అక్షరమో అవుతాయి.

గడి లెక్క

ఖాళీ గడి అంటే ఒక ట్రెబుల్, రెండు చైన్లు, కింద రెండు కుట్లు వదిలేసి మరో ట్రెబుల్. నిండు గడి అంటే ఆ రెండు చైన్ల స్థానంలో కూడా ట్రెబుల్ వేయడం. పక్కపక్క గళ్లకు మధ్య గోడ ఒక్కటే అన్నది ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన సంగతి. ఒక నిండు గడికి నాలుగు ట్రెబుల్స్. కానీ నాలుగు నిండు గళ్లు వరసగా వస్తే 16 కాదు, 13. గళ్ల సంఖ్యను మూడుతో హెచ్చవేసి ఒకటి కలిపితే సరి. ఈ ‘ఒకటి కలపడం’ మర్చిపోయినవాళ్లకు ప్రతి వరసా చివర్లో ఎక్కడో ఒక కుట్టు తేడా వస్తుంది.

ట్రెబుల్ అన్న మాట దగ్గర కూడా జాగ్రత్త కావాలి. బ్రిటిష్ పద్ధతిలో ట్రెబుల్ అనేదాన్ని అమెరికా పద్ధతిలో డబుల్ క్రోషే అంటారు. బ్రిటిష్ వాళ్ల డబుల్ క్రోషే మాత్రం వేరు, అది పొట్టి కుట్టు. వీడియో అమెరికాది, పుస్తకం బ్రిటిష్‌ది అయితే గళ్లు సగం ఎత్తుకు కుదించుకుపోతాయి. పేరు ఏదైనా మనకు కావలసిన కుట్టు ఇది: సూదికి దారం ఒక చుట్టు వేసుకుని, కింది కుట్టులో గుచ్చి దారం లాగితే సూది మీద మూడు లూపులు ఉంటాయి. దారం పట్టి రెండింటిలోంచి లాగాలి, మళ్లీ పట్టి మిగిలిన రెండింటిలోంచి లాగాలి.

దారం, సూది

20 నంబరు మెర్సరైజ్డ్ (మెరుపు వచ్చేలా శుద్ధి చేసిన) కాటన్ దారం, 1.25 మి.మీ. స్టీలు సూది బుక్‌మార్క్‌కు బాగా నప్పుతాయి. దారం నంబరు పెరిగేకొద్దీ సన్నబడుతుంది. 10 నంబరు దారానికి 1.5 మి.మీ. సూది వాడొచ్చు, నేర్చుకునే చేతికి అది సులువు. కానీ పుస్తకంలో పెడితే కాస్త మందంగా ఉండి పేజీల మీద అచ్చు పడుతుంది. 20 నంబరుతో ఒక గడి సుమారు 4 మి.మీ. వస్తుంది. చేతి బిగువును బట్టి ఇది మారుతుంది కాబట్టి దీన్ని లెక్కకు మొదలుగా మాత్రమే తీసుకోండి. కింద చెప్పిన నమూనాకు సుమారు 20 నుంచి 25 మీటర్ల దారం పడుతుంది, 30 మీటర్లు చేతిలో ఉంటే దిగులు లేదు.

లేసు అనగానే తెల్ల దారం కొంటారు. తెల్ల కాగితం మీద తెల్ల అక్షరం ఎవరికి కనబడుతుంది? నింపిన గడికీ ఖాళీ గడికీ మధ్య తేడా కనిపించాలంటే వెనక ఉన్న పేజీ రంగు దారం రంగుకు భిన్నంగా ఉండాలి. ముదురు నీలం, మెరూన్, నలుపు రంగులు మంచివి. ముదురు దారం రంగు దిగుతుందేమో ముందే చూసుకోండి. మూరెడు దారాన్ని తడిపి తెల్ల గుడ్డలో చుట్టి కాసేపు ఉంచితే తెలిసిపోతుంది. రంగు దిగే దారాన్ని పుస్తకం దగ్గరికి రానివ్వకండి.

గడి చదరంగా ఉందా?

ముందు పది గళ్ల వెడల్పు, పది వరసల ఎత్తు ఖాళీ జాలీ అల్లి స్కేలుతో కొలవండి. రెండు కొలతలూ సమానంగా వస్తే అదృష్టం. చాలామంది చేతిలో రావు. ఉదాహరణకు వెడల్పు 42 మి.మీ. ఉండి ఎత్తు 36 మి.మీ. వస్తే గళ్లు పొట్టివి అన్నమాట. బుక్‌మార్క్‌లో అక్షరాలు పొడవునా సాగుతాయి కాబట్టి ఒక్కో వరస అక్షరంలో ఒక్కో నిలువు ముక్క అవుతుంది. వరస పొట్టిదైతే అక్షరం వెడల్పు తగ్గి బక్కగా, నిలువుగా సాగినట్టు కనిపిస్తుంది. సున్న గుండ్రంగా ఉండాల్సింది కోడిగుడ్డులా వస్తుంది.

దీన్ని సూది మార్చి సరిచేయాలని చూస్తారు. సూది మారిస్తే వెడల్పు, ఎత్తు రెండూ కలిసి పెరుగుతాయి, నిష్పత్తి పెద్దగా మారదు. ట్రెబుల్ ఎత్తు నిర్ణయమయ్యేది కింది కుట్టులోంచి మొదట లాగే లూపు దగ్గర. ఆ లూపును కొంచెం పైకి లాగి పట్టుకుంటే కుట్టు పొడవవుతుంది, దించి పట్టుకుంటే పొట్టి అవుతుంది. నమూనా ముక్క మీద ఆ ఎత్తు చేతికి కుదిరేదాకా అల్లడమే మార్గం. ఒకటి రెండు మి.మీ. తేడా మిగిలితే చివర తడిపి పిన్నులు గుచ్చేటప్పుడు సర్దుకుంటుంది, అంతకు మించితే సర్దుకోదు.

ఇంకో బిగువు సమస్య అక్షరం ఉన్న చోట కనిపిస్తుంది. చైన్లు బిగువుగా, ట్రెబుల్స్ వదులుగా వేసే అలవాటుంటే ఖాళీ గళ్లు ముడుచుకుని నిండు గళ్లు ఉబ్బుతాయి. పట్టీ నడుమ అక్షరాల దగ్గర లావై, చివర్ల సన్నబడుతుంది. చైన్లు కొంచెం వదలండి, ట్రెబుల్స్ కొంచెం బిగించండి.

కాగితం మీద అక్షరం

బడిపిల్లల గళ్ల నోటుబుక్కు చాలు. మొదటి ప్రయత్నానికి ‘గంగ’ లాంటి పేరు తీసుకోవడం తెలివైన పని. ఇందులో నేర్చుకోవాల్సిన ఆకారాలు రెండే: తలకట్టున్న కమాను, సున్న. ఒంటికి ఐదు గళ్ల ఎత్తు, తలకట్టుకు మూడు, మొత్తం ఎనిమిది. అక్షరం వెడల్పు ఐదు. అక్షరానికీ అక్షరానికీ మధ్య రెండు ఖాళీ గళ్లు.

□□□□■□□□□□□□□□□□□□■
□■□■□□□□□□□□□□□■□■□
□□■□□□□□□□□□□□□□■□□
□■■■□□□□■■■□□□□■■■□
■□□□■□□■□□□■□□■□□□■
■□□□■□□■□□□■□□■□□□■
■□□□■□□■□□□■□□■□□□■
■□□□■□□□■■■□□□■□□□■

తలకట్టు కమానుకు ఒక్క గడి దగ్గరే అంటుకుందని గమనించండి. దాని రెండు చేతుల కింద ఒక ఖాళీ గడి వదిలాం. ఆ ఖాళీ లేకపోతే తలకట్టు, కమాను కలిసిపోయి దూరం నుంచి నల్లటి ముద్దలా కనిపిస్తుంది. వంపుల దగ్గర గళ్లు మూలకు మూల తగిలి ఉన్నాయి. దగ్గర నుంచి చూస్తే అక్కడ గీత తెగినట్టే ఉంటుంది, పుస్తకం చేతిలో ఉన్నంత దూరంలో వంపుగా చదువుకుంటాం. మూలలు కూడా నింపేస్తే సున్న పెట్టెలా తయారవుతుంది. గీసిన కాగితాన్ని గోడకు ఆనించి రెండు బారల దూరం నుంచి చూడండి. అక్కడి నుంచి చదవలేకపోతే దారంలోనూ చదవలేరు.

ఈ ఎనిమిది గళ్ల పైనా కిందా ఒక్కో ఖాళీ గడి, ఆ తర్వాత ఒక్కో నిండు గడి అంచు పెట్టాలి. 1+1+8+1+1, మొత్తం 12 గళ్లు. అంచు నింపడం అందం కోసమే అనుకోకండి. ప్రతి వరసా నిండు గడితో మొదలైతే ఎప్పుడూ మూడు చైన్లతోనే ఎత్తుకోవచ్చు. ఖాళీ గడితో మొదలయ్యే వరసకు ఐదు చైన్లు కావాలి, రెండు రకాలూ కలిస్తే కొత్తవాళ్లు లెక్క తప్పుతారు.

అల్లిక

పన్నెండు గళ్లకు 37 కుట్లు. మొదటి వరస నిండుదే కాబట్టి 39 చైన్లు వేసి, సూది నుంచి నాలుగో చైనులో మొదటి ట్రెబుల్ వేయండి. వదిలిన మూడు చైన్లు ఒక ట్రెబుల్ కింద లెక్క. అక్కడి నుంచి ప్రతి చైనులో ఒకటి వేస్తే మొత్తం 37 వస్తాయి. ఈ 39 చైన్లను మాత్రం ఒక సైజు పెద్ద సూదితో వేయడం మంచిది. మొదటి చైను బిగిస్తే పట్టీ అడుగు ముడుచుకుని పైకి విసనకర్రలా విచ్చుకుంటుంది, తర్వాత ఎంత లాగినా సరి కాదు.

తర్వాతి ప్రతి వరసకూ పని తిప్పి, మూడు చైన్లు, మూడు ట్రెబుల్స్‌తో అంచు గడి వేయాలి. వరస చివరి ట్రెబుల్ కింది వరసలో తిప్పుడు కోసం వేసిన మూడు చైన్లలో పైదాని మీద పడాలి. ఎక్కువమంది జారిపోయేది సరిగ్గా ఇక్కడే. ఆ చైను కుట్టులా కనిపించదు, దాన్ని వదిలేస్తారు, వరసకో కుట్టు తగ్గి అంచు లోపలికి ఒరుగుతుంది. అక్షరాలు మొదలయ్యేదాకా ప్రతి వరస చివరా 12 గళ్లు లెక్కపెట్టుకోండి.

వరసల పంపకం ఇలా: 1వ వరస నిండు. 2 నుంచి 9 దాకా అంచులు తప్ప అన్నీ ఖాళీ. 10–14 మొదటి ‘గ’. 15, 16 ఖాళీ. 17–21 సున్న. 22, 23 ఖాళీ. 24–28 రెండో ‘గ’. 29–36 ఖాళీ. 37 నిండు. గడి 4 మి.మీ. వస్తే పొడవు సుమారు 15 సెం.మీ., వెడల్పు 5 సెం.మీ.కు కాస్త లోపు.

కుడిచేత్తో అల్లేవాళ్లకు బేసి వరసలు అక్షరం పాదం నుంచి తలవైపు, సరి వరసలు తల నుంచి పాదం వైపు నడుస్తాయి. కాగితం పక్కన ఈ రెండు బాణాలు గీసి పెట్టుకోండి. ‘ని’ అంటే నిండు, ‘ఖా’ అంటే ఖాళీ అనుకుంటే అక్షర వరసలు ఇవి:

10: 1 ని, 5 ఖా, 4 ని, 1 ఖా, 1 ని
11: 1 ని, 5 ఖా, 1 ని, 1 ఖా, 1 ని, 2 ఖా, 1 ని
12: 1 ని, 3 ఖా, 2 ని, 5 ఖా, 1 ని
13: 11వ వరసలాగే
14: 1 ని, 1 ఖా, 1 ని, 3 ఖా, 4 ని, 1 ఖా, 1 ని

17: 1 ని, 2 ఖా, 3 ని, 5 ఖా, 1 ని
18: 1 ని, 4 ఖా, 1 ని, 3 ఖా, 1 ని, 1 ఖా, 1 ని
19: 1 ని, 1 ఖా, 1 ని, 3 ఖా, 1 ని, 4 ఖా, 1 ని
20: 18 లాగే
21: 17 లాగే

24 నుంచి 28 దాకా మళ్లీ 10–14 వరసలే. ఏ వరస కూడినా 12 రావాలి, సొంతంగా వేరే పేరు రాసుకున్నప్పుడూ సూది పట్టకముందే ఈ కూడిక చేసుకోండి.

ఖాళీ గడి మీద నిండు గడి వచ్చినప్పుడు మధ్య రెండు ట్రెబుల్స్‌ను చైన్ల కింది సందులోంచి వేస్తే పని త్వరగా అవుతుంది. చైను కుట్లలోకే గుచ్చి వేస్తే ట్రెబుల్స్ పక్కకు జరగవు, అక్షరం అంచు నిటారుగా నిలుస్తుంది. అక్షరాలున్న 15 వరసల్లో రెండో పద్ధతికి ఓపిక పట్టడం వృథా పోదు. నిండు గడి మీద ఖాళీ గడి వస్తే మధ్య రెండు ట్రెబుల్స్ వదిలి రెండు చైన్లు వేయాలి. చైను ఒకటే పడితే గడి మూతి ముడుస్తుంది, మూడు పడితే వేలాడుతుంది.

నమూనా కాగితం మీద స్కేలు పెట్టి చదివేవాళ్లు సాధారణంగా అల్లేసిన వరసలను కప్పుతారు. దానికి బదులు ఇంకా అల్లని వరసలను కప్పండి. అప్పుడు ప్రస్తుత వరసకు కింద ఏముందో కాగితంలోనూ చేతిలోనూ పోల్చుకోవచ్చు. నిండు గడి ఒకటి పక్కకు జరిగితే ఆ వరసలోనే దొరుకుతుంది. నాలుగు వరసల తర్వాత చూసుకుంటే ఆ నాలుగూ విప్పాల్సిందే, ఫిలేలో మధ్య గడిని విడిగా సరిచేసే దారి లేదు.

తిరగబడిన అక్షరం

రెండు రకాల దిక్కు పొరపాట్లున్నాయి. అన్ని వరసలనూ ఒకే వైపు నుంచి చదివితే అక్షరం ముక్కలు చెల్లాచెదురవుతాయి, విప్పడం తప్ప గతి లేదు. బేసి వరసలను తల నుంచి, సరి వరసలను పాదం నుంచి, అంటే పూర్తిగా ఎదురు చదివితే పేరు అద్దంలోలా వస్తుంది. దీనికి కంగారు అక్కర్లేదు. వరసవరసకూ పని తిప్పుతాం కాబట్టి ఫిలేకు రెండు ముఖాలూ దాదాపు ఒకేలా ఉంటాయి. పట్టీని తిరగేస్తే పేరు సరిగ్గా చదువుకోవచ్చు. ఎడమచేతివాటం ఉన్నవాళ్లు పై వరసలను ఉన్నవి ఉన్నట్టే అల్లి, చివర్లో ఇలాగే తిరగేసుకుంటే సరిపోతుంది. అందుకే దారం కొసలను ఏ ముఖమూ పాడవకుండా దాచాలి. కొత్త దారం కలపాల్సి వస్తే అంచు గడి దగ్గరే కలపండి. కొసలను మొద్దు సూదితో అంచు ట్రెబుల్స్ లోపలి నుంచి నాలుగైదు సెం.మీ. నడిపించి, వెనక్కి ఒకసారి తిప్పి కత్తిరించండి. ఖాళీ గళ్ల చైన్లకు చుట్టిన కొస ఎటు చూసినా కనబడుతుంది.

తడపడం, ఆరబెట్టడం

అల్లడం అయిపోయిన పట్టీ నలిగి, గళ్లు వంకరగా ఉంటాయి. అది తప్పు కాదు. థర్మోకోల్ షీటు మీద గళ్ల కాగితం, దాని మీద పలుచని పాలిథిన్ కవరు పరిచి, తడిపి పిండిన పట్టీని ఆ గళ్ల వెంట సర్ది తుప్పు పట్టని పిన్నులు గుచ్చండి. మామూలు గుండుసూదుల తుప్పు మరక కాటన్‌ను వదలదు. ముందు నాలుగు మూలలు, తర్వాత పొడవు అంచుల్లో మూడు గళ్లకొక పిన్ను. పూర్తిగా ఆరేదాకా కదపొద్దు.

బిరుసు కోసం లేసుకు గంజి పెట్టడం మనింట్లో అలవాటే. టేబుల్ మీద పరిచే లేసుకు అది సరే. పుస్తకంలో ఉండేదానికి గంజి వద్దు, పిండిపదార్థం అంటే పుస్తకాల్లో తిరిగే వెండిపురుగులకు ఇష్టం. పట్టీతోపాటు పేజీలనూ కొరుకుతాయి. తెల్ల ఫెవికాల్ ఒక వంతుకు నీళ్లు మూడు నాలుగు వంతులు కలిపి, పిన్నులు గుచ్చేముందు అందులో ముంచి పిండితే చాలు. గళ్లలో జిగురు పొర కట్టి నిలిచిపోతే నోటితో ఊది పగలగొట్టండి. చివర కుచ్చు కావాలంటే సన్నగా, 6 సెం.మీ.కు మించకుండా కట్టండి. పూసలు కుచ్చు కొసన పుస్తకం బయట వేలాడితే ఫర్వాలేదు, పట్టీ మీద కుడితే పేజీల్లో గుంటలు పడతాయి.

తర్వాతి పేర్లు

‘గంగ’ కుదిరాక ‘రంగ’ కొత్తగా నేర్చుకోనక్కర్లేని పేరు. సున్న మీద అదే తలకట్టు పెడితే ‘ర’. దాని పొట్టలో నడిమి గడి పొరపాటున నిండితే మాత్రం ‘ఠ’ అయి కూర్చుంటుంది. ‘ప’, ‘వ’ల దగ్గర ఐదు గళ్ల వెడల్పు చాలదు. పై భాగం తెరిచి ఉంటే ‘ప’, మూసుకుంటే ‘వ’, ఆ తెరిచిన చోటు కనబడాలంటే ఏడు గళ్లు ఇవ్వాలి. ‘ద’, ‘ధ’, ‘థ’లు ఉన్న పేర్లు మొదట్లో వదిలేయండి. అడుగున గీత, లోపల చుక్క, రెండూ ఒక్కో గడి మీద ఆధారపడతాయి, పట్టీ కాస్త సాగినా ఒకటి ఇంకొకటిలా కనిపిస్తుంది.

అందరూ అల్లాలనుకునే మాట ‘అమ్మ’. అది వత్తున్న మాట కావడంతో ఎనిమిది గళ్ల ఎత్తు సరిపోదు. వత్తుకు మూడు గళ్లు, పై అక్షరానికీ దానికీ మధ్య ఒక ఖాళీ గడి కలిపి నాలుగు పెంచాలి. అప్పుడు పట్టీ 16 గళ్లు, మొదటి చైన్లు 51, వరసకు 49 కుట్లు. 20 నంబరు దారంతో ఇది ఆరున్నర సెం.మీ. వెడల్పు వచ్చి చిన్న పుస్తకాలకు పెద్దదవుతుంది. 40 నంబరు దారం, 1 మి.మీ. సూది తీసుకుంటే ఐదున్నర లోపు సర్దుకుంటుంది. అంత సన్న దారం మీద చేయి తిరగాలంటే ముందు ఒకటి రెండు పేర్లు 20 నంబరుతో పూర్తి చేసి ఉండటం మేలు.